గీత గీయని గుడ్డ మీద అయిదు నెలలు

మే 19న గుడ్డ కొన్నాను. అక్టోబరు 31న ఫ్రేము గోడకెక్కింది. ఇన్నాళ్ళూ చేసింది ఒక్కటే ముక్క: పది అంగుళాల వెడల్పు, పదమూడు అంగుళాల ఎత్తు, అందులో మూడు పట్టీలు. పై పట్టీ క్రాస్ స్టిచ్, అంటే గుణకారం గుర్తులాంటి కుట్టు. మధ్యది కర్ణాటక కసూతిలో గవంతి, ముందూ వెనకా ఒకేలా కనబడే కుట్టు. కిందది హార్డాంగర్, అంటే కుట్టినాక గుడ్డలో పోగులు కోసి లాగేసే పని. మూడింట్లోనూ ట్రేసింగ్ లేదు. చార్టు చూసుకుంటూ గుడ్డలో పోగులు లెక్కపెట్టి కుట్టడమే. ఇదే పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో తెలుస్తుందని రాస్తున్నా.

మొదటి దెబ్బ గుడ్డ దగ్గరే. నెల్లూరు చిన్నబజారులో మగ్గం వర్కు సామాను అమ్మే కొట్టుకు పోయి అడిగితే, "డిజైను తేలేదామ్మా? ట్రేసింగ్ ఎట్టా చేస్తారు మరి?" అన్నారు. డిజైను కాయితం మీదే ఉంటుంది, గుడ్డ మీదికి రాదు అని చెబితే ఆయనకు ఎక్కలేదు. మ్యాటీ గుడ్డ అనగానే మాత్రం తీసి పరిచారు. బళ్ళో క్రాఫ్టు పీరియడుకు పిల్లలు కొనేది అదే. అర మీటరు 95 రూపాయలు. సంతోషంగా తెచ్చుకుని 40 గళ్ళ వెడల్పు, 40 గళ్ళ ఎత్తు ఉన్న గుండ్రటి పువ్వు ఒకటి ఎనిమిది సాయంత్రాలు కుట్టాను. మే 27న దూరంగా పెట్టి చూస్తే అది పువ్వు కాదు, కోడిగుడ్డు.

అప్పుడు స్కేలు పెట్టాను. పడుగు వైపు నాలుగు అంగుళాలకు 46 గళ్ళు, పేక వైపు 52. అంటే నలభై గళ్ళు ఒకవైపు మూడున్నర అంగుళాలు, ఇంకోవైపు మూడు అంగుళాల చిల్లర. మగ్గం మీద పేకను ఎంత గట్టిగా కొడితే ఆ వైపు పోగులు అంత దగ్గరవుతాయి. రెండు వైపులా సమానంగా రావాలని ఎవరూ చూడకుండా నేసిన గుడ్డలో ఈ తేడా తప్పదు. పూల తీగలకైతే ఫర్వాలేదు. గుండ్రాలకు, చదరాలకు, ముఖ్యంగా హార్డాంగర్‌కు పనికిరాదు. కొట్టులోనే స్కేలు అడిగి రెండువైపులా లెక్కపెట్టి ఉంటే నాకు ఎనిమిది రోజులు మిగిలేవి. కొట్టాయన ఏమనుకున్నా సరే, మీరు లెక్కపెట్టండి.

ఆ రాత్రే రెండువైపులా పోగుల లెక్క సమానంగా ఉండే 28 కౌంట్ ఈవెన్‌వీవ్ గుడ్డ ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాను. యాభైకి డెబ్బై సెంటీమీటర్ల ముక్క 1,240 రూపాయలు, పంపడానికి 90. అయిదు రోజులన్నారు, పదమూడో రోజు, జూన్ 9న వచ్చింది. ఐడా గుడ్డ ఇందులో సగం ధరకే దొరికేది. కానీ ఐడాలో పోగులు గుత్తులుగా నేసి ఉంటాయి. గడి గడిగా కనబడుతుంది కాబట్టి క్రాస్ స్టిచ్‌కు హాయి. పోగు పోగునూ విడిగా కోసి తీయాల్సిన పనికి మాత్రం కుదరదు. 28 కౌంట్ అంటే అంగుళానికి 28 పోగులు. రెండేసి పోగుల మీదుగా కుడితే 14 కౌంట్ ఐడా మీద కుట్టినంత సైజే వస్తుంది. నా చార్టు 140 గళ్ళకు 180. పద్నాలుగుతో భాగిస్తే పది అంగుళాలు, పదమూడుకు కాస్త తక్కువ. చుట్టూ మూడేసి అంగుళాల అంచు వదలాలి. ఆ అంచు దండగ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. సెప్టెంబరులో అదే నన్ను కాపాడింది, ఆ సంగతి తర్వాత చెబుతా.

ఈసారి కుట్టకముందే పది సెంటీమీటర్లు కొలిచి రెండువైపులా లెక్కపెట్టాను. 110, 110. ప్రాణం కుదుటపడింది. అంచులు ఊడకుండా టైలరు దగ్గర ఓవర్‌లాక్ కొట్టించాను, ఇరవై రూపాయలు. మడతల గీతలు ఇస్త్రీతో ముందే పోగొట్టాలి. కుట్టు పడ్డాక పోవు.

దారాలు ఇక్కడే దొరికాయి, యాంకర్ కంపెనీ ఆరు పోగుల లచ్చి, ఎనిమిది మీటర్లది, 14 రూపాయల చొప్పున పద్నాలుగు. చార్టులో నంబర్లు డీఎంసీ అనే ఇంకో కంపెనీవి. డీఎంసీ 310 నలుపుకు యాంకర్ 403, 666 ఎరుపుకు 46 అని పట్టికలు దొరుకుతాయి. నలుపు నలుపే గానీ మిగతా రంగులు పట్టికను నమ్మి కొనొద్దు, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక రంగు ఎంత కావాలో మొదటే లెక్కేసుకోండి. లచ్చి మొత్తం విప్పి రెండేసి పోగులుగా వాడితే 24 మీటర్ల దారం. 14 కౌంట్ మీద నాకు లచ్చికి సుమారు 1,700 నిండు క్రాసులు వచ్చాయి, ముక్కల చివర్లు పోను. ఒక ముదురు మెరూన్ లచ్చికి లేబుల్ ఊడిపోయి ఉంది. రంగు బాగుందని దాన్నీ వేసుకొచ్చాను. ఆ మెరూన్‌ను గుర్తుపెట్టుకోండి.

సూదులు మొనలేనివి కావాలి. మొన ఉంటే పోగును చీల్చుకుని పోతుంది, లెక్క చెడుతుంది. క్రాస్ స్టిచ్‌కు, గవంతికి 26 నంబరు, లావు దారానికి 24. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. రెండు ప్యాకెట్లు 120 రూపాయలు.

జూన్ 10, 11 రెండు రోజులూ గడులు గీయడానికే పోయాయి. గీయడమంటే పెన్నుతో కాదు, ఇరవై పోగులకు ఒకటి చొప్పున అడ్డంగా, నిలువుగా కచ్చా కుట్టు. మ్యాటీ మీద మామూలు నూలు దారంతో వేసి చూశాను. పై కుట్లు దాన్ని గుచ్చుకుంటూ పోయి, చివర్లో లాగితే ఒక్కటీ రాలేదు. ఈసారి చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం తెచ్చాను. 0.20 మిల్లీమీటర్లది, ఎర్రటిది, చుట్ట నలభై రూపాయలు. మొనలేని సూది దాన్ని గుచ్చలేదు. పని అయ్యాక కొస పట్టుకుని లాగితే జారి వచ్చేస్తుంది. కోస్తాలో ఉండి ఈ దారం కోసం ఆన్‌లైన్ వెతకక్కర్లేదు. ఇంకోటి, తెల్ల గుడ్డ కుట్టేటప్పుడు ఒళ్ళో నల్ల తువ్వాలు వేసుకోండి, రంధ్రాలు స్పష్టంగా కనబడతాయి.

జూన్ 12 నుంచి జూలై 20 దాకా పై పట్టీ. దాదాపు 3,900 క్రాసులు. గంటకు 110 దాటలేదు, అంటే ముప్పై ఆరు గంటలు. రెండు పోగులతో కుట్టేటప్పుడు ముడి వేయక్కర్లేదు. ఒక్క పోగునే రెండింతల పొడవు తీసి, మధ్యకు మడిచి, రెండు కొసలూ సూదిలోకి ఎక్కించాలి. మొదటి సగం కుట్టు వేసి వెనక్కి దిగినప్పుడు మడత ఉచ్చులోంచి సూది తీస్తే అక్కడికక్కడ బిగుసుకుంటుంది. సూదిలో ఉన్న దారం మోచేతి నుంచి వేలి కొస దాకా ఉంటే చాలు. ఇంకా పొడవైతే గుడ్డలో రుద్దుకుని నూగు లేచి, చివరి పది కుట్లూ పాతబడ్డట్టు ఉంటాయి. క్రాసులో పైన పడే కాలు అన్నిటికీ ఒకే దిక్కుకు వాలాలి. నేను గుడ్డను తిప్పి పట్టుకుని కుట్టిన ఒక ఆకు మాత్రం వెలుతురు పడినప్పుడు వేరే రంగులా మెరిసింది. దారం అదే, వాలు మారింది. విప్పి మళ్ళీ కుట్టాను, ముప్పావు గంట.

ఈవెన్‌వీవ్ మీద లెక్క తప్పిందో లేదో కనిపెట్టే కిటుకు ఒకటుంది. మొదటి కుట్టును పడుగు పోగు పైకి తేలి కనబడే చోటు పక్కన మొదలుపెట్టండి. రెండేసి పోగులు జరుగుతారు కాబట్టి ప్రతి కుట్టూ అలాంటి చోటే మొదలవ్వాలి. ఎక్కడన్నా పేక పోగు తేలిన చోట సూది పైకొస్తే ఒక పోగు తేడా వచ్చినట్టు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టే పని తప్పుతుంది. ఇది తెలియక ముందు రోజూ పావుగంట లెక్కలకే పోయేది.

జూలై మొదట్లో రొట్టెల పండగకు ఇంటినిండా చుట్టాలు. అయిదు రోజులు గుడ్డ బిగించిన రింగు ముట్టుకోలేదు. సూది గుడ్డలోనే గుచ్చి వదిలేశాను. తీసి చూస్తే తుప్పు చుక్క, ఆవగింజంత. వేసవి చెమటకు సూది మీది పూత ఎప్పుడో పోయింది, ఈ ఊరి ఉక్క మిగతా పని కానిచ్చింది. అదృష్టం కొద్దీ అది పువ్వు రేకు రావాల్సిన చోటు, కుట్టు కిందికి పోయింది. రింగు కూడా రోజూ విప్పేయాలి. రాత్రంతా ఉంచితే గుండ్రటి మట్టి గీత పడుతుంది, ఉతికినా అంత తేలిగ్గా పోదు.

జూలై 21 నుంచి ఆగస్టు 19 దాకా గవంతి. కసూతి ధార్వాడ వైపు పని. గవంతి, ముర్గి, నేయ్గి, మెంతి అని నాలుగు రకాలు. మెంతి మన క్రాస్ స్టిచ్చే. గవంతి అంటే జంట రన్నింగ్ కుట్టు: పోయేటప్పుడు ఒకటి విడిచి ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఆ ఖాళీలు పూడ్చుకుంటూ. ముడి ఉండకూడదు, వెనక అడ్డదారిన దారం పోకూడదు. ఒక్క నల్ల పోగుతో గోపురాల వరస పెట్టుకున్నాను.

చూడ్డానికి ఇదే అన్నిటికన్నా తేలిక. నాకు ఎక్కువ ఏడుపు వచ్చింది దీంతోనే. దారి ముందే గీసుకోకపోతే మధ్యలో ఇరుక్కుంటారు. గోపురం కలశం దగ్గర కొమ్మలు రెండు పక్కలకూ చీలతాయి. పోయేటప్పుడే ఆ కొమ్మ కొస దాకా పోయి, వెనక్కి ఖాళీలు పూడ్చుకుంటూ మూలానికి వచ్చి, మళ్ళీ అసలు దారి పట్టాలి.  చార్టు జిరాక్సు తీసి దాని మీద ఎర్ర పెన్నుతో పోక, నీలి పెన్నుతో రాక గీసుకున్నాక గానీ పని నడవలేదు. గీత వంకరగా, మెట్లు మెట్లుగా కనబడితే తప్పు తిరుగు కుట్టులో ఉంటుంది. ఒకే రంధ్రంలో ముందే ఉన్న పోగుకు పైపక్కన సూది తేల్చి, అవతలి రంధ్రంలో పోగుకు కిందిపక్కన దించాలి. ఆ వరస చివరి దాకా మార్చకూడదు. ఒకసారి పైన, ఒకసారి కింద అయితే గీత వణుకుతుంది.

ఆగస్టు 6న నాలుగో గోపురం అయిదోదానితో కలవలేదు. ఒక్క పోగు తేడా. వెనక్కి పోతే తప్పు రెండో గోపురం పునాదిలో ఉంది. మూడు రోజుల పని, విప్పడానికి రెండు సాయంత్రాలు. నల్ల పోగు తెల్ల గుడ్డలో నూగు వదులుతుంది. సెల్లోటేపు అద్దుతూ తీశాను. ఒక పోగు తేడాను తర్వాత సర్దుకోవచ్చులే అనుకోవద్దు. క్రాస్ స్టిచ్‌లో ఆకు ఒక గడి పక్కకు పోతే ఎవరికీ తెలియదు. గవంతిలో గీత మూసుకోవాలి, హార్డాంగర్‌లో అయితే కత్తెర దాకా వచ్చాక తెలుస్తుంది.

ఇక హార్డాంగర్. ఆగస్టు 20న మొదలు. దీనికి ఆరు పోగుల దారం కాదు, మెలితిరిగిన పెర్ల్ కాటన్. 28 కౌంట్ మీద బ్లాకులకు 8 నంబరు, తర్వాత అల్లికకు అంతకన్నా సన్నటి 12 నంబరు. ఎనిమిది ఇక్కడ దొరికింది, ఉండ 110, రెండు కొన్నాను. పన్నెండు తెప్పించుకోవాల్సి వచ్చింది, 160. మొనతేలిన చిన్న కత్తెర 350. కత్తెర దగ్గర పీనాసితనం పనికిరాదు.

క్లోస్టర్ బ్లాకు అంటే అయిదు కుట్లు పక్కపక్కన, ఒక్కోటి నాలుగు పోగుల పొడవు. కుట్లు అయిదు, వాటి మధ్య పోగులు నాలుగే. అయిదు గుంజలు పాతితే మధ్య సందులు నాలుగే ఉన్నట్టు. మొదట్లో అందరూ తప్పేది ఇక్కడే. ప్రతి బ్లాకుకూ ఎదురుగా అదే పోగుల మీద ఇంకో బ్లాకు ఉండాలి, ఎందుకంటే మధ్యలో కోసిన పోగుల రెండు కొసలనూ ఆ రెండే పట్టుకుని ఉంటాయి. ఎదురెదురు బ్లాకుల మధ్య పోగులు నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇలా నాలుగు లెక్కలోనే రావాలి. బ్లాకులన్నీ పూర్తవడానికి ఇరవై అయిదు రోజులు. తర్వాత కత్తెర ముట్టకుండా ఒక సాయంత్రమంతా లెక్కే. బ్లాకులు చుట్టూ కట్టిన చదరాల్లో రెండోదాంట్లో ఒక బ్లాకు ఒక్క పోగు పక్కకు ఉంది. దాన్ని విప్పి కుట్టాను. కోసి ఉంటే ఆ పక్క మొత్తం ఊడిపోయేది.

సెప్టెంబరు 14, ఆదివారం, కోత. కోసేది కుట్లు గుడ్డలోకి దిగే అంచు దగ్గరే. బ్లాకు పక్కవైపు ఎప్పుడూ కోయకూడదు. కుట్లు ఏ దిశలో పడుకుని ఉన్నాయో అదే దిశలో నడిచే నాలుగు పోగులు, కుట్టు మొదట్లోకి కత్తెర మొన దించి, పైకెత్తి లెక్కపెట్టి, నాలుగూ ఒకేసారి. ఎదురు బ్లాకు దగ్గర కూడా అంతే. తర్వాత చిమటాతో లాగేయాలి. పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని మూడు చదరాలు కోశాను, చెయ్యి వణకలేదు. ఆ ధైర్యంతో రాత్రి ట్యూబులైటు కింద నాలుగోది మొదలెట్టాను.

నాలుగు రావాల్సిన చోట చిమటాకు అయిదు వచ్చాయి. అయిదోది సెంటీమీటరు దాకా బయటికొచ్చి ఆగింది. కాసేపు ఏమీ తోచలేదు. నాలుగు నెలల పని, పైన రెండు పట్టీలు. ఫ్యాను కట్టేసి భూతద్దంతో చూశాను. మూల తిరిగే చోట దారం నేనే బిగించి లాగాను. దాంతో బయటి పోగు చివరి కుట్టు కిందికి జరిగి నాలుగోదానికి అతుక్కుంది. రెండూ ఒక్కటిగా కనబడ్డాయి, కత్తెర రెండిటినీ తీసుకుంది.

మర్నాడు పొద్దున బాగుచేశాను. ఆ మూడంగుళాల అంచు పనికొచ్చింది ఇక్కడే. అంచులోంచి ఒక పొడవాటి పోగు లాగాను. వేరే దారం వద్దు, లావు, రంగు కలవవు. దాన్ని 26 నంబరు సూదికి ఎక్కించి, తెగిన చోటుకు అంగుళం ముందు నుంచి పాత పోగు నడిచిన దారినే, ఒకటి పైన ఒకటి కింద, నేతగాడు పోగు అతికినట్టు నడిపించాను. తెగిన ఖాళీ దాటి అవతల మరో అంగుళం పాత పోగుకు జంటగా పోయింది. కొసలు వెంటనే కత్తిరించకుండా వెనక వదిలేశాను. ఉతికాక గుడ్డ సర్దుకున్నాకే కోయాలి. ముందే కోస్తే కొసలు లోపలికి పోయి మళ్ళీ చిల్లు కనబడుతుంది. రెండున్నర గంటలు పట్టింది. ఇప్పుడు ఎక్కడో నాకు తెలుసు కాబట్టి నాకు కనబడుతుంది, ఇంకెవరికీ కాదు.

అక్టోబరు 9 దాకా అల్లిక. కోతల మధ్య మిగిలిన నాలుగేసి పోగులను రెండు, రెండుగా పట్టి, మధ్యలోంచి సూదిని అటు ఇటు ఎనిమిది అంకెలా తిప్పుతూ కడ్డీలు అల్లాలి. నాకు కడ్డీకి ఏడు చుట్లు పట్టాయి. ఏడు అనుకుంటే అన్నిటికీ ఏడే. ఒకదానికి అయిదు, ఇంకోదానికి తొమ్మిది అయితే కిటికీలు వంకరపోతాయి. కిటికీ నడుమ నాలుగు కడ్డీలకూ తగిలించే డవ్స్ ఐ అనే లూపు నాలుగో కడ్డీ సగంలో ఉండగానే వేయాలి. కడ్డీ పూర్తిచేసేస్తే మళ్ళీ దారి లేదు.

అక్టోబరు 12న ఉతుకు. మా బోరు నీళ్ళు ఉప్పు, బట్ట మీద తెల్ల మరకలు పడతాయి, అందుకని ఇరవై రూపాయల మంచినీళ్ళ క్యాను. చన్నీళ్ళు, రెండు చుక్కల షాంపూ. పది నిమిషాల్లో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ మెరూనే. తెల్ల బ్లాకుల అంచు లేతగా ఎర్రబడింది. ఇలాంటప్పుడు బయటికి తీసి ఆరేస్తే రంగు అక్కడే కూర్చుంటుంది. తడి ఆరనివ్వకుండా నీళ్ళు మారుస్తూ ఉండడమే. ఆరుసార్లు మార్చాను, అయిదు గంటలు. ఏడోసారి పోసిన నీళ్ళు తేటగా నిలిచాయి, బ్లాకులు తెల్లబడ్డాయి. కుట్టకముందే దారం ముక్కను తడి తెల్ల గుడ్డలో చుట్టి నొక్కి ఉంటే అప్పుడే తెలిసేది. పిండకుండా తువ్వాల్లో చుట్టి తడి తీసి, మందపాటి తువ్వాలు మీద బోర్లా పెట్టి వెనకనుంచి ఇస్త్రీ చేశాను. ముందువైపు చేస్తే కుట్లు అణిగిపోతాయి.

ఫ్రేముకు దీపావళి మర్నాడు ఇచ్చాను. ఆయన గమ్ము రాసి అట్టకు అతికిస్తానన్నారు. "ఎన్నేళ్ళయినా ఊడదమ్మా" అన్నారు. ఊడదు, పసుపుపచ్చగా మారుతుంది, మళ్ళీ ఉతకడానికీ లేదు. అట్ట నేనే అడిగి తెచ్చుకుని, వెనకవైపు క్రోషే దారంతో అటంచు ఇటంచు కలుపుతూ నడుమ నుంచి కొసలకు లాగి కట్టి ఇచ్చాను. గాజు గుడ్డకు తగలకుండా నడుమ సన్న పట్టీ పెట్టమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాలుగు రోజులన్నది తుపాను వానలకు పదయింది. 1,100 రూపాయలు. చెడిన మ్యాటీతో సహా అన్నీ కలిపితే 3,651. గంటలు దాదాపు 140.

గోడకు తగిలించాక సాయంత్రం పడమటి కిటికీ వెలుతురులో చూస్తే కింది పట్టీలో ఎర్రగా ఏదో మెరిసింది. గాలం దారం. లాగేటప్పుడు ఒక బ్లాకు కింద తెగి రెండు సెంటీమీటర్లు అక్కడే ఉండిపోయింది. ఫ్రేము విప్పించలేదు.